ఎడమ పేజీ

జేబులో ఫోను ఇరవై మూడోసారి వణికింది. తీసే వీలు లేదు. నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఇరుక్కుంది. లోపల ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. అయిదో అంతస్తు గడప మీద బోర్లా పడుకుని, తాళంతో తెరిచిన తలుపు సందులోంచి నేను ఆమెకు ధైర్యం చెబుతున్నాను.

"ఇంకెంతసేపయ్యా? పదకొండింటికి ఒకాయన పన్ను పీకాలి. ఈపాటికి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని ఉంటాడు."

"పది నిమిషాలు మేడమ్. పైకెళ్లి బ్రేకు వదిలి, చేత్తో తిప్పి దించుతాను. మీరు మాత్రం ఈ సందులోంచి బయటికి రావాలని చూడకండి."

"రానులే, బుర్ర ఉన్నదాన్నే. అన్నట్టు మీ పని గురించే ఎవరో రాశారు. ఇప్పుడే చదువుతున్నా, విను." ఆమె ఫోను పైకెత్తి చదవడం మొదలుపెట్టింది. "'ఏడాదికోసారి లిఫ్టు తనిఖీ అనేది ఒక నాటకం. కాగితం మీద ఒక సంతకం, గోడ మీద ఒక స్టిక్కరు. ఏటా ఆ నాటకానికి చప్పట్లు కొడుతున్నది మనమే. మూడేళ్లకోసారి చాలు, కానీ నిజంగా చేయండి.' భలే రాశాడు కదూ? పేజీ పేరు 'మధ్య అంతస్తు'. ఎవరో గానీ లోపలి మనిషే."

ఆ లోపలి మనిషి ఆమెకు రెండడుగుల పైన బోర్లా పడుకుని ఉన్నాడు. నా గుండె తాడు తెగిన లిఫ్టులా జారింది.

ఆ పేజీ నాది. ఆ వాక్యాలు నేను రాసినవే. కానీ అది నా అభిప్రాయం కాదు, దాన్ని బయటపెట్టింది నేనూ కాదు. సాయంత్రం నాలుగింటికి నగర సభ కమిటీ ముందు నిలబడి, సరిగ్గా ఆ మాటలకు వ్యతిరేకంగా మాట్లాడాల్సింది మాత్రం నేనే.

మేడ మీది మెషిన్ రూముకు ఎలా ఎక్కానో తెలియదు. కరెంటు ఆపి, బ్రేకు వదిలి, చక్రం తిప్పి లిఫ్టును నాలుగో అంతస్తుకు దించాను. డాక్టరమ్మ చీర సర్దుకుని బయటికొచ్చింది.

"థాంక్సయ్యా. వీలు చూసుకుని ఆ పేజీ చదువు. నీలాంటివాళ్లకు పనికొస్తుంది."

"చదువుతాను మేడమ్," అన్నాను.

మెట్ల మీద కూర్చుని ఫోను తీశాను. ఇరవై మూడు కాల్సు. పోస్టు కింద పన్నెండు వందల కామెంట్లు.

'అమ్ముడుపోయాడు.' 'భవన యజమానుల సంఘం ఈయనకు ఏ అంతస్తులో ఫ్లాటిచ్చింది?' 'నేను ముందే అనుకున్నా.' ఈ ముందే అనుకున్న మహానుభావుడు నిన్నటిదాకా నా ప్రతి పోస్టు కిందా చేతులు జోడించిన బొమ్మ పెట్టినవాడే. ఒకాయన మొదటి లైనుకే తిట్టడం మొదలుపెట్టి, 'పూర్తిగా చదవలేదు, చదవక్కర్లేదు' అని ముగించాడు. ఒళ్లు మండిపోయింది.

ఆరేళ్లుగా ఆ పేజీ నడుపుతున్నాను. ఫుట్‌పాత్‌ల మీద బళ్లు నిలపడం గురించి, అన్నం తింటూ యుద్ధం వార్తలు చూడటం గురించి, డాక్టరుతో మనమెందుకు అబద్ధమాడతామనే దాని గురించి, ఎన్నికలప్పుడు మాత్రమే వేసే రోడ్ల గురించి రాశాను. పదకొండు వేల మంది చదువుతారు. నా పద్ధతి ఒకటే. నోటుబుక్కులో ఎడమ పేజీ అవతలివాడిది. అతని వాదన నేనే రాయాలి, అదీ అతను చదివితే 'ఇది నా మాటే' అని సంతకం పెట్టేంత బాగా రాయాలి. కుడి పేజీ నాది. అందులో జవాబు. రెండూ కలిపి నా భార్య టైపు చేస్తుంది. శుక్రవారం పేజీలో పెడతాం.

ఈసారి ఎడమ పేజీ ఒక్కటే బయటికెళ్లింది. కుడి పేజీ వెళ్లడానికి అసలు లేనే లేదు. మూడు రోజులుగా పెన్ను పట్టుకుని కూర్చుంటున్నా ఒక్క వాక్యం పడలేదు.

ఫోను మళ్లీ మోగింది. మా మెకానిక్కుల సంఘం ప్రెసిడెంటు.

"ఏమయ్యా ఎడిటరూ!" పనిలో నాకున్న పేరు అది. ఎప్పుడూ ముద్దుగా అనేవాడు, ఇప్పుడు ఉమ్మేసినట్టు అన్నాడు. "మా అందరి తరఫునా మాట్లాడమంటే మా అందరి గొయ్యి తవ్వావా?"

"అది నేను పెట్టలేదన్నా."

"మరి దెయ్యం రాసిందా?"

"రాసింది నేనే. పెట్టింది నేను కాదు."

"అబ్బో! వండింది తమరు, వడ్డించింది వేరొకరూనా?"

"అది సగమే అన్నా. ఎడమ పేజీ. కుడి పేజీ ఇంకా..."

"నీ కుడీ ఎడమా నా దగ్గర చెప్పకు. యజమానుల సంఘంవాళ్లు దాన్ని కాపీలు తీయించి పెట్టుకున్నారు. నాలుగింటికి కమిటీ బల్ల మీద పరుస్తారు. 'చూడండమ్మా, వాళ్ల మనిషే ఒప్పుకున్నాడు' అంటారు. వాళ్లడిగే మూడేళ్ల నిబంధన ఈ రోజే ఖాయం అయిపోతుంది. ఆ తర్వాత ఎవడి చెయ్యి పోయినా, ఎవడి కాలు పోయినా నీ పేరు చెప్పుకుంటాం." ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు. "ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ ఆఖరి రెండు ముక్కలు రాశావు చూడు, వాడెవడో పేరు చెప్పు. వాణ్ని మనమే బయటికి గెంటేసి, తప్పు ఆ మనిషిది, తనిఖీది కాదని చెబుదాం. పేరు చెప్పలేకపోతే నూట నలభైమందిమీ దొంగలమే."

"ఆఖరి ముక్కలా?"

"నాటకాలాడకు. రాసినవాడివి నీకు తెలియదూ?"

ఫోను పెట్టేశాడు. నేను పోస్టు చివరిదాకా చదివాను. నా వాక్యాల తర్వాత మరో రెండున్నాయి.

'పోయినేడు ఒక మేస్త్రీ మూడు వేళ్లు పోగొట్టుకున్న లిఫ్టుకు, సరిగ్గా ఇరవై రెండు రోజుల ముందు తనిఖీ స్టిక్కరు అంటించారు. అంటించినవాడు పైకి ఎక్కలేదు.'

ఇవి నావి కావు. ఏ పేజీలోనూ రాయలేదు. నా ఒళ్లో పనిముట్ల సంచి ఉందన్న సంగతే మరిచిపోయాను. అది జారి, నాలుగు మెట్లు దొర్లుకుంటూ పోయి ఆగింది.

నా భార్య మందుల షాపులో పని చేస్తుంది. నేను వెళ్లేసరికి కౌంటరు ముందు అరడజను మంది ఉన్నారు. ఒక చేత్తో మాత్రల అట్టలు కత్తిరిస్తూ, ఇంకో చేత్తో నన్ను పక్కకు రమ్మంది.

"నేను పెట్టానా అని అడగడానికొచ్చారా?"

"అడగలేదు."

"మొహం చూస్తే తెలుస్తోందిలెండి. నిన్న పొద్దున ఎడమ పేజీ టైపు చేసి పేజీలోనే డ్రాఫ్టుగా దాచాను. కుడి పేజీ ఇవ్వండంటే రేపు రేపు అన్నారు. ఆరేళ్లుగా మీ రాత చదివి చదివి నా కళ్లు పోయాయి. డాక్టర్ల రాతే నయం."

"దాచింది దాచినట్టే ఉండాలి కదా?"

"ఉండాలి. కానీ ఎవరో తెరిచి, రెండు వాక్యాలు చేర్చి, బయటికి వదిలారు. పొద్దున తొమ్మిదీ పదికి." ఆమె ఫోను నా ముందుకు తోసింది. "తీసేద్దామని చూశాను. ఇదిగో, మీరే చూడండి."

'అనేక ఫిర్యాదుల కారణంగా ఈ పేజీని తాత్కాలికంగా నిలిపి ఉంచాం. ఉన్న పోస్టులు అలాగే కనిపిస్తాయి. మార్పులు చేయడానికి మీరే యజమాని అని నిరూపించుకోండి. మీ నంబరుకు కోడు పంపాం.'

"ఎక్కడ కోడు?" నా ఫోను తీశాను. ఏమీ లేదు. మళ్లీ పంపమన్నాను. పంపామంది. రాలేదు. మూడోసారి నొక్కితే, 'మీరు చాలాసార్లు ప్రయత్నించారు, కాసేపు ఆగండి' అంది. సహాయం అన్నచోట నొక్కితే, 'నమస్కారం! మీ అనుభవం ఎలా ఉంది?' అని అయిదు చుక్కలు చూపించింది. ఫోను తీసి నేలకేసి కొట్టబోయాను. ఆమె లాక్కుంది.

"ఇది నాది. కొట్టాలంటే మీది కొట్టుకోండి."

"నా సొంత పేజీలో నేను దొంగనై కూర్చున్నానే!"

వరుసలో ఉన్న ముసలాయన నా వైపు జాలిగా చూసి, "బాబూ, బీపీ మాత్ర వేసుకున్నావా?" అన్నాడు.

ఆమె నా భుజం పట్టుకుని పక్కకు తిప్పింది. గొంతు తగ్గించింది. "ఒకటి చెప్పండి. మేస్త్రీ గారి చెయ్యి నలిగిన ఆ లిఫ్టుకు తనిఖీ చేసింది ఎవరు?"

"ముందు ఈ కోడు సంగతి చూడు."

"అడిగినదానికి చెప్పండి."

"నాలుగింటికి కమిటీ ఉంది. తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె నన్ను చూసిన చూపు వేరు. అయినా ఫోను మీదకు వంగింది. "కోడు వెళ్లిన నంబరు చివర అరవై రెండు. మీ పాత నంబరు. ఆ సిమ్ముతో సహా మీ పాత ఫోను ఎవరికిచ్చారో గుర్తుందా?"

గుర్తుంది. మర్చిపోతే బాగుండేది.

మేస్త్రీ ఇప్పుడు కంపెనీ విడిభాగాల గోడౌనులో కూర్చుంటాడు. నాకు స్పానరు పట్టుకోవడం నేర్పినవాడు. పద్దెనిమిదేళ్ల కిందట నన్ను మొదటిసారి లిఫ్టు గొయ్యిలోకి దించి, 'పైన నేనున్నా, భయపడకు' అన్నవాడు. పోయినేడు ఒక పాత భవనంలో, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనింగు అరిగిపోయి, ఆగి ఉన్న లిఫ్టు జానెడు జారింది. ఆ జానెడులో తాడుకూ చక్రానికీ మధ్య ఆయన కుడిచెయ్యి ఉంది. కంపెనీ 'వ్యక్తిగత నిర్లక్ష్యం' అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేసింది. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చాక, ఎడమచేత్తో వాడుకోవడానికి వీలుగా ఉంటుందని నా పెద్ద ఫోను ఇచ్చేశాను. అందులో నా పేజీని లాగౌట్ చేయడం మర్చిపోయాను.

వెళ్లేసరికి ఆయన ఒక్కచేత్తో బ్రేకు లైనింగుల పెట్టె విప్పుతున్నాడు. ఫోను పక్కనే ఉంది. తెర మీద కోడ్లు వరుసగా ఉన్నాయి.

"రారా. ఈ అంకెల కోసమేనా? పొద్దుట్నుంచీ టింగు టింగుమని చంపుతున్నాయి."

"మీరేనా పెట్టింది?"

"నేనే. బొటనవేలుతో రెండు వాక్యాలు రాసేసరికి ముప్పావుగంట పట్టింది. నువ్వు రోజూ ఎలా రాస్తావురా బాబూ!"

"ఎందుకు మేస్త్రీ? నాలుగింటికి నన్ను చీల్చి చెండాడతారు. నా మీద కోపముంటే నా చెంప పగలగొట్టాల్సింది. నూట నలభైమందిని ముంచుతారా?"

ఆయన పెట్టె కింద పెట్టాడు. స్టూలు మీదకు కూలబడ్డాడు.

"నీ ఎడమ పేజీ చదివాను. ఒక్క అబద్ధం లేదు. 'కాగితం మీద ఒక సంతకం, గోడ మీద ఒక స్టిక్కరు' అని ఎంత బాగా రాశావు! అది అవతలివాడి బుర్రలోంచి వచ్చింది కాదురా. తెలిసినవాడే అలా రాయగలడు. ఒక్క మాట తక్కువైంది. అది కలిపాను."

"మీకెప్పుడు తెలిసింది?"

"నువ్విచ్చిన ఫోనే చెప్పింది." ఆయన ఫోను వెనకనున్న తొడుగు పళ్లతో లాగి ఊడదీశాడు. లోపల మడిచిన స్టిక్కరు ఉంది. అంచులు చిరిగాయి. మధ్యలో అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. "చెయ్యి కట్టుతోనే వెళ్లి ఒలుచుకొచ్చా. తేదీ ఉంది, పదకొండూ నలభై అని టైముంది. కింద నీ గీత ఉంది. సరే, చూసే ఉంటాడు, కంటికి ఆనలేదేమో అనుకున్నాను. ఆ తర్వాత నువ్వీ ఫోనిచ్చావు. ఖాళీగా ఉన్నానుగా, నీ పాత పోస్టులన్నీ చదువుకుంటూ పోయాను. ఆ రోజు ఎవడితోనో వాదన పెట్టుకున్నావు. ఆసుపత్రుల దగ్గర హారన్లు కొట్టడం గురించి. పదకొండూ పది నుంచి పదకొండూ యాభై దాకా పంతొమ్మిది జవాబులు. మెషిన్ రూములో సిగ్నలుండదు కదరా."

ఆ కింది హాలు, ఆ చల్లటి గోడ, ఆ గోడకానుకుని నేను టైపు చేసిన పంతొమ్మిది జవాబులు కళ్లముందు నిలిచాయి. ఆ పంతొమ్మిదీ సరైనవే. పద్ధతిగా, మర్యాదగా రాసినవే. అవతలివాడు చివరికి ఒప్పుకున్నాడు కూడా. నేను గెలిచి, ఆ ఉత్సాహంలో స్టిక్కరు అంటించి, తర్వాతి భవనానికి వెళ్లిపోయాను.

"ఏడాది చూశాను," అన్నాడు మేస్త్రీ. "రాస్తావనుకున్నా. ఎక్కడో తుపాను వస్తే రాశావు. ఎవడో మంత్రి నోరు పారేసుకుంటే రాశావు. బస్సులో సీటివ్వని కుర్రాళ్ల మీద రెండు భాగాలు రాశావు. నా చెయ్యి మీద ఒక్క లైను రాయలేదు. లోకంలో ప్రతిదాని మీదా నీకు అభిప్రాయముంది కదరా, దీని మీద లేదా?"

"భయమేసింది మేస్త్రీ."

"నాకెయ్యలేదా? తాడు కదులుతుంటే?"

బయట ఎవరో విడిభాగం కోసం కేకేశారు. ఆయన లేవలేదు.

"అంకెలు తీసుకో. పోస్టు తీసేసుకో. స్టిక్కరూ తీసుకో. దాన్ని పట్టుకుని ఎక్కడికీ వెళ్లాలని లేదు నాకు. నీ కుడి పేజీలో ఏం రాస్తావో విందామనుకున్నా, అంతే."

మూడూ పది. కోడు కొట్టాను. 'స్వాగతం' అంది పేజీ. తొలగించు అన్న బొత్తాం మీద వేలు పెట్టాను. పెట్టి తీసేశాను. స్టిక్కరు మడిచి నోటుబుక్కులో, ఖాళీగా ఉన్న కుడి పేజీ మీద పెట్టాను.

"మీరూ రండి," అన్నాను.

"ఈ లైనింగులు ఎవరు సర్దుతారు?"

"వచ్చాక నేను సర్దుతాను. ఉద్యోగం ఉంటే."

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, మోత పెట్టే ఫ్యాను ఉన్నాయి. యజమానుల సంఘం కార్యదర్శి నా పోస్టును గొంతు సవరించుకుని మరీ చదివాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, నేను రాసినప్పుడు అనుకున్న దానికన్నా అందంగా చదివాడు. చివరి రెండు వాక్యాలు రెండుసార్లు చదివి, నా వైపు చేయి చూపించి కూర్చున్నాడు. మా వెనక వరుసలో ప్రెసిడెంటు పళ్లు నూరుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆ పక్కన నా భార్య. షాపు కోటు విప్పకుండానే వచ్చేసింది. ఆమె పక్కన మేస్త్రీ, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

కమిటీ అధ్యక్షురాలు కళ్లజోడు సరిచేసుకుంది. "ఇది మీరు రాసిందేనా?"

"నేనేనమ్మా. ఇందులో ప్రతి మాటా నిజమే. 'మూడేళ్లకోసారి చాలు' అన్న ముక్క ఒక్కటే తప్పు."

"అంటే?"

"స్టిక్కరు నాటకమైన మాట నిజం. కానీ ఏడాదికోసారి పైకెక్కనివాడు మూడేళ్లకోసారి ఎక్కుతాడని ఎలా నమ్ముతున్నారు? బ్రేకు లైనింగు మన మీటింగుల కోసం ఆగదు. ఎన్నాళ్లకోసారి అన్నది కాదమ్మా ప్రశ్న. ఎక్కాడా లేదా అన్నది. తనిఖీ చేసేటప్పుడు మెషిన్ రూములో నిలబడి, బ్రేకు పక్కన ఫోటో తీసి పంపితేనే స్టిక్కరు చెల్లాలి. అలా రాయండి నిబంధన. ఏడాదికోసారే ఉంచండి."

కార్యదర్శి లేచాడు. "మాటలు బాగున్నాయి. ఈయనకు మాటలకు కొదవ లేదు. కానీ ఎక్కని ఆ మనిషెవరో చెప్పరేం? కట్టుకథ కాబట్టా?"

"న్యాయమైన ప్రశ్న," అంది అధ్యక్షురాలు. "పేరు లేని ఆరోపణను నేను రికార్డులో రాయలేను. మీకు తెలుసా?"

"తెలుసు."

"పేరు చెప్పవయ్యా!" వెనక నుంచి ప్రెసిడెంటు అరిచాడు. "ఎవడైతే ఏం! ఈ గదిలో వాడి పక్కన నిలబడేవాడెవడూ లేడు!"

వెనక్కి తిరిగాను. మేస్త్రీ నన్ను చూడటం లేదు. నేల మీదెక్కడో చూస్తున్నాడు. నా భార్య మాత్రం కళ్లు తిప్పకుండా చూస్తోంది. షాపులో అడిగిన ప్రశ్న ఆ కళ్లలో ఇంకా అలాగే ఉంది.

నోటుబుక్కు తెరిచాను. స్టిక్కరు విప్పి బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసి, అధ్యక్షురాలి వైపు జరిపాను.

"తేదీ ఉంది. టైముంది. ఆ టైముకు ఆ మనిషి కింద హాల్లో నిలబడి, హారన్లు కొట్టడం తప్పని ఎవరికో నీతులు రాస్తున్నాడు. ఆ జవాబులు ఇప్పటికీ పేజీలో ఉన్నాయి, చూసుకోవచ్చు."

ఆమె సంతకం మీద వేలు పెట్టింది. "ఇది అర్థం కావడం లేదు. ఎవరిది?"

"నాదేనమ్మా," అన్నాను. "ఎక్కనిది నేనే."